లేని దేశం కథలు నవల ఎప్పుడవుతాయి?

అమ్మా,

మీరు పంపిన పన్నెండు కథల సారాంశాలు, పూర్తిగా పంపిన ‘రేవు గుమాస్తా’, మందర దేశ చరిత్ర అని విడిగా రాసుకున్న కాగితాలు అన్నీ చదివాను. మిగతావాళ్ల కోసం ప్రశ్నేమిటో ముందు చెప్తాను. పాలకొండలో ఉండే ఈ అమ్మాయి మందర అనే లేని దేశాన్ని ఊహించుకుని పన్నెండు కథలు రాసింది. ఒక్కో కథలో ఒక్కో మనిషి. దేశం ఒకటే, నది ఒకటే, తెరవాడ అనే రేవు ఒకటే. చదివిన స్నేహితురాలు ‘ఇది కథల సంపుటి, నవల అనకు’ అంది. ఇంకొకాయన ‘లేని దేశం దేనికి, మన సిక్కోలు గురించే రాయొచ్చు కదా’ అన్నారు. వీటిని నవల చెయ్యాలంటే ఏం చెయ్యాలి, అన్నిటినీ కలపడానికి ఒక కథకుడు కావాలా, పుస్తకం మొదట్లో దేశ చరిత్రా మ్యాపూ పెట్టాలా అని ఆమె అడుగుతోంది.

నవల అవుతుంది. మీ దగ్గరున్న సరుకు అందుకు చాలు. ఇప్పుడున్న రూపంలో మాత్రం మీ స్నేహితురాలు అన్నదే నిజం, అది సంపుటే. ఒకే చోట జరిగినంత మాత్రాన కథలు నవల అయిపోవు. విజయనగరంలో జరిగే పన్నెండు కథలు ఒక అట్ట మధ్య పెట్టినా అది సంపుటే అవుతుంది. ఒక కథలో ఎవరో చేసిన పని ఫలితం ఇంకో కథలో, ఆ కారణం ఏమీ తెలియని మనిషి నెత్తిన పడాలి. ఆ మనిషికి తెలియదు, చదివేవాళ్లకి తెలుసు. అక్కణ్ణించి నవల మొదలవుతుంది. మీరడిగిన మిగతావన్నీ దీన్నిబట్టే తేలతాయి కాబట్టి దీని మీదే ఎక్కువసేపు ఉంటాను.

ముందు కథకుడి సంగతి. కథల్ని ఒక దండలో గుచ్చడం మనకి కొత్త కాదు. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు పక్కన నడిచే గోపకుమారుడికి మజిలీకో కథ చెప్తాడు. భేతాళుడు విక్రమార్కుడి భుజం మీద ఉండి చెప్తాడు. అక్కడ కథల్ని పట్టుకుని ఉంచేది చెప్పేవాడి నోరు. మధ్యలో ఒక కథ తీసేసినా ప్రయాణం ఆగదు, ఎవరికీ లోటు తెలియదు. మీరు ఓ ముసలి పడవవాడి చేత పన్నెండు కథలూ చెప్పిద్దామనుకుంటున్నారు. వద్దు. రేవు గుమాస్తా మనసులోని బెదురు, కొండమీది తల్లి ఎదురుచూపు అతనికెలా తెలుస్తాయి? పైగా అన్ని కథలకీ అతని గొంతే వస్తుంది. మీ బలం ఏమిటంటే పన్నెండు మంది పన్నెండు రకాలుగా మాట్లాడటం, అది పోగొట్టుకోకండి. మీ పుస్తకంలో కథల్ని పట్టుకుని ఉండాల్సింది దేశమే.

దేశం కథల్ని ఎలా పట్టుకుంటుందో చూడ్డానికి మీరు దూరం పోనక్కర్లేదు. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి సేనలు, విజయనగరం రాజు విజయరామరాజు బలగాలు కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాయి. కోట పోయింది. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరి ఆయన్ని చంపాడు. జరిగింది ఇది. ఇప్పుడు బొబ్బిలి వెళ్లి చూడండి. అక్కడ ఆ యుద్ధానికి స్మారక స్తంభం ఉంది, బుర్రకథ ఉంది, పాపారాయుడి పేరు చెప్తే వెన్ను నిటారుగా పెట్టుకునే మనుషులున్నారు. విజయనగరం వస్తే ఆ యుద్ధం మాట ఎత్తేవాళ్లే తక్కువ. ఇక్కడున్నది పైడితల్లి అమ్మవారు. అన్నగారు విజయరామరాజు చావు కబురు విని పెద్ద చెరువులో కలిసిపోయిన ఆడపడుచు అని జనం చెప్పుకుంటారు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను, ముందురోజు తొలేళ్లు. పొడుగాటి చింతమాను చివర పూజారి కూచుని మూడు లాంతర్ల కూడలి దగ్గర గుడి నుంచి కోట దాకా ఊరేగుతుంటే, కింద నుంచి జనం అరటిపళ్లు విసురుతారు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ రోజు పట్నంలోనే ఉంటాయి. అరటిపండు విసిరే కుర్రాడికి బుస్సీ ఎవడో తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. అతను మొక్కుకున్నది తన చెల్లెలి పెళ్లి కోసమో, డీఎస్సీ కోసమో.

పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రాగలిగేంత దగ్గర ఊళ్లు ఇవి. ఒకే యుద్ధం ఒక ఊళ్లో వీరగాథ అయింది, ఇంకో ఊళ్లో అమ్మవారు అయింది. రెండు ఊళ్ల మీదా చెరో కథ రాసి, ఏ కథలోనూ చరిత్ర పాఠం చెప్పకుండా వదిలితే, చదివేవాళ్ల మనసులో మూడో కథ దానంతటదే తయారవుతుంది.

ఇప్పుడు మీ ఏడో కథ చూడండి. మూడో కథలో జరిగిన యుద్ధాన్ని అందులో బడిపంతులు ఒక పేజీ పొడుగునా తలుచుకుంటాడు. రాజు పేరు, ఏడాది, చచ్చిన గుర్రాల లెక్క, అన్నీ. ఆ పేజీ మొత్తం తీసెయ్యండి. యుద్ధం ఏడో కథలోకి తిరనాళ్లగా రావాలి, లేకపోతే ఆ ఊళ్లో ఎవరూ ఒక చెరువు నీళ్లు తాగకపోవడంగా రావాలి. ఎందుకు తాగరో పంతులికి కూడా తెలియకూడదు. ‘మా అమ్మ తాగేది కాదు’ అంటే సరిపోతుంది.

మీ రెండో కథ ‘రేవు గుమాస్తా’ దగ్గరికి వస్తాను. పన్నెండింటిలో ఇది మంచి కథ, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. సముద్రం దాటి కూలికి పోయేవాళ్ల పేర్లు గుమాస్తా చిట్టాలో ఎక్కిస్తున్నాడు. వాన మొదలైంది. మేస్త్రీ తొందర పెడుతున్నాడు. ఒక కుర్రాడు పేరు చెప్పాడు, వానలో సరిగ్గా వినపడలేదు, మళ్లీ అడగడానికి మొహమాటపడి గుమాస్తా తోచింది రాసేశాడు. సిరా తడిసి పాకిపోకుండా చేత్తో అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యి అడ్డం పెట్టుకోవడం చాలా బాగుంది. కాగితాన్ని కాపాడుకున్నాడు, మనిషి పేరు పోగొట్టాడు, ఆ సంగతి మీరు పైకి అనలేదు. రాయగల చెయ్యి మీకుందని నాకు అక్కడే అర్థమైంది.

నాలుగో కథలో ఆ కుర్రాడి తల్లి కొండ దిగి తపాలా కచేరీకి వస్తుంది. కొడుకు పంపిన డబ్బు వచ్చింది గానీ పేరు కలవలేదని ఇవ్వరు. అక్కడ మీరు సారాంశంలో ఎత్తి రాసిన వాక్యం ఇది:

‘ఆ రోజు తెరవాడ రేవులో గుమాస్తా నిర్లక్ష్యంగా రాసిన ఒక్క అక్షరం తన బతుకునిలా నాశనం చేసిందని ఆ తల్లికి తెలియదు.’

ఈ వాక్యం ఉన్నంతసేపూ ఇవి విడి కథలే. రెండో కథ చదివినవాళ్లకి చెప్పిందే మళ్లీ చెప్తున్నారు, వాళ్లు తమంతట తాము పట్టుకోగలిగిన దాన్ని చేతిలోంచి లాక్కుంటున్నారు. ‘నిర్లక్ష్యంగా’ అన్న మాట ఇంకా చెడ్డది. రెండో కథలో వాన ఉంది, తొందర ఉంది, మొహమాటం ఉంది. అవన్నీ తుడిచేసి నాలుగో కథలో తీర్పు చెప్పేస్తున్నారు. ఉదాహరణకి ఇలా ఉండొచ్చు. నా మాటలు మీరు వాడుకోనక్కర్లేదు, పద్ధతి చూడండి చాలు:

కచేరీ బాబు కాగితాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి చూశాడు.

‘నీ కొడుకు పేరేటమ్మా?’

‘పోలయ్య, బాబూ.’

‘ఇది పంపినోడు కోలయ్య.’

‘కోలయ్యెవుడు?’

‘నన్నడుగుతావేటి?’

ఆవిడ కొంగుముడి విప్పి చూసుకుని మళ్లీ ముడేసుకుంది. కోలయ్య తల్లి ఎవరో వచ్చే సంతలో కనుక్కోవాలనుకుంది. డబ్బొచ్చిందని ఎవరో ఒకరు చెప్పకపోతే పాపం ఆ తల్లికెలా తెలుస్తాది.

ఇక్కడ గుమాస్తా మాట లేదు. ఆవిడ తన డబ్బు ఇంకెవరికో చేర్చాలని చూస్తోంది. చదివేవాళ్లు వెనక్కి వెళ్లి రెండో కథలోని వాన గుర్తు చేసుకుంటారు. అలా వెనక్కి వెళ్లేలా చెయ్యగలిగితే రెండు కథలు ఒక పుస్తకం అయినట్టే. తరవాత వచ్చే కథలో గుమాస్తా రిటైరవుతాడు కదా, చిట్టాలు శుభ్రంగా రాసేవాడని సన్మానం చేస్తారు కదా, ఆ సన్మానం అలాగే ఉంచండి. అందులో ఏ కోలయ్యా గుర్తు రాకూడదు. ఆయనకి గుర్తుంటే కథ ఆయన పశ్చాత్తాపం గురించి అయిపోతుంది.

ఇంకొకటి గమనించండి. పేరు కలవకపోతే డబ్బు ఇవ్వకూడదన్న రూలు ఎవరు పెట్టారు? మీ తొమ్మిదో కథలో తపాలా అధికారి ఉన్నాడు, నిజాయితీపరుడు. ఆ రూలు పెట్టింది అతనే కావాలి. ఎవడో దొంగ సంతకంతో ఓ విధవరాలి డబ్బు తీసుకుపోతే, మళ్లీ అలా జరగకూడదని పెట్టాడు. మంచికే పెట్టాడు. నాలుగో కథలో ఆ రూలు మీద చదివేవాళ్లకి కోపం వస్తుంది, తొమ్మిదో కథలో దాన్ని పెట్టినవాడి ఇంట్లో కూచుని అతని కంచంలోకి చూస్తారు. అందుకే అధికారి కథ తల్లి కథ తరవాతే రావాలి, ముందు రాకూడదు. వరస గురించి మీరడిగిన ప్రశ్నకి సగం జవాబు ఇదే.

ఇక ‘మన సిక్కోలు గురించే రాయొచ్చు కదా’ అన్న పెద్దాయన మాట. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. లేని దేశం పెట్టడానికి మీకు గట్టి కారణం ఉండాలి. ఇక్కడి మంత్రికీ ఇక్కడి కాంట్రాక్టరుకీ పేర్లు మార్చి రాయడమే అయితే, చదివేవాళ్లు ‘ఈయన ఫలానా ఆయనే కదా’ అని పొడుపుకథ విప్పుకుంటూ కూచుంటారు. ఇక్కడ ఉండడానికి వీల్లేనిది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, మీ దేశంలో ఉండాలి. దాన్ని చివరికంటా సాగదీసి చూడాలి.

అది మీ దగ్గర ఉంది. కథల్లో ఎక్కడా వాడకుండా చరిత్ర కాగితాల మధ్యలో వదిలేశారు. మందరలో అప్పు కొడుకులకి సంక్రమించదు, తలకొరివి పెట్టినవాడికి సంక్రమిస్తుంది అని రాసుకున్నారు. అది చదివి నేను కాగితాలు పక్కన పెట్టేసి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. ఈ ఒక్క చట్టం మీద మీ పుస్తకం మొత్తం నిలబడుతుంది. ఆ దేశంలో అప్పున్నవాడు పోతే శవం లేవదు. కొడుకులు ఆ వారం ఊళ్లో ఉండరు. డబ్బు తీసుకుని కొరివి పెట్టే కిరాయి మనుషులు పుడతారు, వాళ్లని షావుకార్లు నమ్మరు. ప్రేమించిన మనిషి కోసం కావాలని ముందుకొచ్చి కొరివి పట్టుకునేవాళ్లుంటారు. ఆడపిల్లలు కొరివి పెట్టకూడదన్న ఆచారం, అప్పు ఎక్కువగా ఉన్న ఇళ్లలో మాత్రం ఎలాగో సడలిపోతుంది. షావుకారు చావు ఇంటికి అందరికంటే ముందొస్తాడు, ఎవరు పట్టుకుంటారో చూడ్డానికి.

ఇప్పుడు దీన్ని గుమాస్తా చిట్టా పక్కన పెట్టండి. పోలయ్య మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఓడెక్కాడు. ఆ అప్పు చిట్టాలో కోలయ్య పేరున ఉంది. పోలయ్య అక్కడే పోయాడనుకోండి. అప్పు కోసం మేస్త్రీ మనుషులు కోలయ్య ఇంటిని వెతుకుతూ ఊరూరా తిరుగుతారు. అలాంటి ఇల్లే లేదు. తల్లి చేతికి డబ్బు రాకుండా చేసిన ఆ అక్షరమే ఆవిడ రెండో కొడుకుని అప్పులోంచి తప్పించింది. అతను అన్న పేరున ఊళ్లో గడ్డిబొమ్మకి కొరివి పెడతాడు, ఎవరూ వచ్చి అడగరు. ఎందుకు అడగలేదో ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. మీ పదో కథలో రెండో కొడుకు పెళ్లి ఉంది కదా, అది జరగడానికి కారణం ఇదే అవుతుంది. సిక్కోలు గురించి రాస్తే ఈ కథ కుదరదు. ఆ పెద్దాయనకి మీరు చెప్పాల్సిన జవాబు అదే.

అయితే చట్టం ఊహించినది కావచ్చు గానీ అది పనిచేసే తీరు ఊహతో రాదు. నిజంగా జరిగినదాన్ని ఒకదాన్ని తీసుకుని మూలమూలా తెలుసుకోవాలి. మీకు రంగం ఉంది, అంటే బర్మాలోని రంగూన్. రంగూన్ వెళ్లినవాళ్ల కథలు ఈ తీరంలో వినని ఇల్లు తక్కువ. ఊళ్లో మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు, ఓడ ఖర్చు పెట్టేవాడు, అక్కడ జీతంలోంచి కోసుకునేవాడు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, 1942లో మనవాళ్లు ఎంతోమంది అడవులూ కొండలూ దాటి నడిచి ఇటు వచ్చారు, దారిలో పోయినవాళ్లు పోయారు. మిగిలినవాళ్లలో చాలామంది 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చాక తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు ఆ పేరుతోనే ఇప్పటికీ ఉంది. మీ ఇంట్లోనో పక్క ఊళ్లోనో ముసలివాళ్లుంటే అడగండి. ‘బాధగా ఉండేదా’ అని అడక్కండి, దానికి అందరూ ఒకటే జవాబిస్తారు. అడ్వాన్సు ఎంత, హామీ ఎవరు ఉన్నారు, డబ్బు ఎవరి చేతికిచ్చి పంపేవారు, ఉత్తరం ఎవరు చదివిపెట్టేవారు, మనిషి పోతే కబురు ఎన్నాళ్లకి వచ్చేది, ఆ అప్పు ఎవరు కట్టారు అని అడగండి. దానిలో చాలా కొద్ది మీ పుస్తకంలోకి వస్తుంది. మిగతాది తెలిసి ఉండడం వల్ల వాక్యం తడబడదు.

మందర కాగితాలు చదువుతుంటే నాకు తట్టిన పెద్ద లోటు ఒకటుంది, మీ దేశానికి ఇరుగుపొరుగు లేదు. నది మందరలోనే పుట్టి మందరలోనే సముద్రంలో కలుస్తుంది. అలాంటి దేశంలో బయటివాళ్ల వల్ల వచ్చే చిక్కులుండవు. మన వంశధార చూడండి. ఒడిశాలో పుడుతుంది, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది, నీళ్ల తగాదా ట్రైబ్యునల్ దాకా పోయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. సంబంధాలు, సంతలు, బాకీలు మాత్రం గీతకి రెండు వైపులా అలాగే మిగిలాయి. మీ నది పైభాగం పక్క దేశం చేతిలో పెట్టండి. అంతకంటే ఏమీ చెయ్యనక్కర్లేదు, అయిదో కథలో ఎండిన చేనుకి కారణం దానంతటదే దొరుకుతుంది.

కాలం గడవడం కూడా మీరు పెద్ద మాటల్లో చెప్తున్నారు. ‘సామ్రాజ్యం కూలి కొత్త యుగం మొదలైంది’ అని ఎనిమిదో కథ మొదలవుతుంది. పార్వతీపురంలో 1940లో పుట్టి, ఇల్లు మారకుండా అక్కడే ఉన్న మనిషిని తలుచుకోండి. పుట్టింది విశాఖపట్నం జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1957లో నయాపైసలొచ్చాయి, ఆయన మాత్రం పావలా, అర్ధణా అంటూనే ఉన్నాడు. 1979లో విజయనగరం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఇంటి గడప కదల్లేదు. కలెక్టరాఫీసు పనికి ఏ బస్సెక్కాలో మాత్రం మారుతూ వచ్చింది. మీ ఎనిమిదో కథలో యుగం మారినట్టు చెప్పడానికి ఒక ముసలాయన పాత రాజముద్ర ఉన్న దస్తావేజు పట్టుకుని తప్పు ఊరి కచేరీ ముందు నిలబడితే చాలు.

ఏళ్ల లెక్క ఎలా పెట్టాలని అడిగారు. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1976లో వేసిన ‘ఒర్సీనియన్ టేల్స్’ అనే కథల పుస్తకంలో పదకొండు కథలున్నాయి, దాదాపు అన్నీ ఒర్సీనియా అనే లేని దేశంలో, మధ్య ఐరోపాలో జరుగుతాయి. ప్రతి కథ చివర ఒక సంవత్సరం ఉంటుంది, 1150 నుంచి 1965 దాకా, కానీ కథలు ఆ వరసలో ఉండవు. చదివాక సంవత్సరం చూసి అంతవరకూ చదివినదాన్ని మళ్లీ సర్దుకోవాలి. పద్ధతి మీకు పనికొస్తుంది, అంకెలు మాత్రం పనికిరావు, ఎందుకంటే మందరకి మన క్యాలెండరు లేదు. శ్రీకాకుళం తీరాన ఉన్న ఉద్దానంలో ఇప్పుడు ఏ సంగతైనా 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకి ముందు, తరవాత అని చెప్పుకుంటారు, కొబ్బరిచెట్లు పడిపోయింది అప్పుడే కాబట్టి. మందర వాళ్లకీ అలాంటిది ఒక పెద్ద వరదో గాలివానో ఇవ్వండి. ‘వరద వెళ్లిన మూడో ఏట’ అని కథ చివర ఉంటే, ఆ వరద వచ్చే కథ పదకొండోది అయినా, చదివేవాళ్లు దానికోసం ఎదురుచూస్తూ ఉంటారు.

పేర్లు ఒకే నోటి నుంచి వచ్చినట్టున్నాయి: మందర, నీలవేణి, స్వర్ణగిరి. జానపద సినిమా సెట్టు కళ్ల ముందుకొస్తోంది. మన మ్యాపు మీద వలసలు, పేటలు, అగ్రహారాలు, పాలేలు, ఉద్దానం వైపు పుట్టుగలు అన్నీ కలగలిసి ఉంటాయి, ఎవరు ఎప్పుడొచ్చి దిగితే వాళ్ల పేరు పడింది. ‘తెరవాడ’ ఒక్కటే నిజం ఊరిలా ఉంది. మిగతావి దాని పక్కన నిలబడేలా మార్చండి.

భాష విషయంలో భయపడకండి. కొండవాళ్ల చేత ‘ఏటి’, ‘వొచ్చినాది’ అనిపిస్తే అందరూ సిక్కోలు అనుకుంటారని బెంగపడుతున్నారు. అనుకోనివ్వండి. తెలుగులో రాస్తున్నారు, ఏదో ఒక ఊరి గాలి తగలక తప్పదు. అయితే రేవు వాళ్లకీ కచేరీ వాళ్లకీ కొండవాళ్లకీ మాటలో తేడా ఉండాలి, ఎవరు ఎవర్ని ‘బాబూ’ అంటారు, ఎవరు ఎవర్ని ‘ఒరే’ అంటారు అన్నది పన్నెండు కథల్లోనూ ఒకేలా ఉండాలి. మీ రెండో కథలో మేస్త్రీ గుమాస్తాని ‘మీరు’ అంటాడు, ఆరో కథలో ‘నువ్వు’ అంటాడు. సరిచూసుకోండి.

చరిత్ర కాగితాలు పుస్తకంలో పెట్టకండి. అవి మీకోసం. మ్యాపు కావాలంటే చివర పెట్టండి, కథల్లో వచ్చిన ఊళ్లు మాత్రమే ఉండాలి. వంశవృక్షం అసలు వద్దు.

కథలు విడిగా పత్రికలకి పంపొచ్చా అన్నారు. తప్పకుండా పంపండి. ఒక్కో కథా ఒంటరిగా నిలబడాలి, లేకపోతే పుస్తకంలోనూ నిలబడదు. అయితే పత్రిక ప్రతి వేరు, పుస్తకం ప్రతి వేరు ఉంచుకోండి. పత్రికలో ప్రతిసారీ మందర ఎక్కడుందో, కొరివి అప్పు అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పక తప్పదు. పుస్తకం చేసేటప్పుడు అవన్నీ కొట్టెయ్యాలి. మొదటిసారి తప్ప ఇంకెక్కడా చట్టాన్ని వివరించకూడదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం మీకు దూరం కాదు. ఒకే ఊరి మీద ఒకే రచయిత రాసిన కథలు తీసుకుని, పాత పత్రికల్లో వచ్చిన రూపాన్ని, తరవాత పుస్తకంలో వచ్చిన రూపాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఏ వాక్యాలు పోయాయో పెన్సిలుతో నోటుబుక్కులో రాసుకుంటూ పోతే, నేను ఇక్కడ చెప్పినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. మొదటి కథ, రాజు చనిపోయిన రోజు, తీసెయ్యండి. బాగా రాశారు, కానీ దాని ఫలితం మిగతా పదకొండు కథల్లో ఎవరి మీదా పడలేదు. పుస్తకం రేవు గుమాస్తాతో మొదలవ్వాలి. రాజు పోయిన కబురు ఆ కథలో, ఓడ రెండు రోజులు ఆలస్యం కావడానికి కారణంగా, మేస్త్రీ నోట ఒక్క మాటగా వస్తే చాలు. అతని తొందరకి అర్థం కూడా అక్కడే దొరుకుతుంది. తరవాత కొరివి అప్పు మీద కొత్త కథ ఒకటి రాయండి, షావుకారు వైపు నుంచి, అతన్ని దుర్మార్గుణ్ణి చెయ్యకుండా. పదకొండో కథ పూర్తి ప్రతి నాకు పంపండి. సారాంశంలో ఆ పిల్ల పక్క దేశం నుంచి ఎందుకు వెనక్కి వచ్చిందో తెలియలేదు, అది తెలిస్తే గానీ చివరి రెండు కథల్లో ఏది ముందుండాలో చెప్పలేను.